విండర్‌మియర్‌లో చార్ వేట

విండర్‌మియర్ ఒడ్డున బోనెస్ రేవులో నన్ను పడవ ఎక్కించుకున్న పెద్దాయన ముందుగా నా అరచేతిలో ఒక చిన్న రేకు పెట్టారు. చిటికెనవేలంత ఉంది. ఒక వైపు ఇత్తడి, రెండో వైపు వెండి. నీళ్లలో లాగుతుంటే గిరగిరా తిరిగి చిన్న చేపలా మెరుస్తుంది. అదే ఇక్కడి ఎర.

విండర్‌మియర్ ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద సహజ సరస్సు. పొడవు 17 కిలోమీటర్లు, లోతు 64 మీటర్లు. ఆ లోతు చల్లదనంలో మంచుయుగం నాటి నుంచి బతుకుతున్న చేప ఆర్కిటిక్ చార్. దాన్ని పట్టే పద్ధతి కూడా పాతదే. పడవకు అటూ ఇటూ ఒక్కో పొడవాటి గడ, గడకు ఒక తాడు, తాడు చివర సీసపు గుండు. తాడు పొడవునా పాయలుగా రేకులు వేలాడతాయి. తెడ్డు మెల్లగా వేస్తూ పోవాలి. చేప పడితే గడ కొసన గంట మోగుతుంది. మేం తిరిగిన రెండు గంటల్లో ఒక్కసారీ మోగలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ చేపను మసాలా, వెన్నతో దట్టించి, చేప బొమ్మలు వేసిన పింగాణీ గిన్నెల్లో లండన్‌కు పంపేవారు. వలలతో విపరీతంగా పట్టడంతో చేప తరిగింది. 1921లో వలలు ఆగిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండి కరువై, తీగ బుట్టలు దించి పెర్చ్ చేపలను పట్టారు. వాటిని ‘పెర్చీన్స్’ పేరుతో డబ్బాల్లో అమ్మారు. 1976లో ఒక జబ్బు వచ్చి సరస్సులోని పెర్చ్ చేపలు చాలావరకు చచ్చిపోయాయి.

1929లో పుట్టిన మంచినీటి జీవశాస్త్ర సంఘం పరిశోధకులు 1945 నుంచి ఈ నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. ఇప్పుడు ఎకో సౌండర్‌తో శబ్ద తరంగాలు పంపి, నీటిలో ఎన్ని చేపలున్నాయో పడవలోంచే లెక్కిస్తున్నారు. ఆ లెక్కల్లో చార్ తగ్గుతూ వస్తోంది.

ఒక ముఖ్య కారణం మురుగునీరు. అందులోని భాస్వరం తిని నాచు పెరుగుతుంది. అది చచ్చి అడుగున కుళ్లుతూ ప్రాణవాయువును హరిస్తుంది. ఎండాకాలం పైనీరు వేడెక్కుతుంది, కింద ఊపిరాడదు. చార్‌కు మధ్యలో మిగిలేది సన్నటి పొర. వేడి నీళ్లను తట్టుకునే రోచ్ చేపలు పెరిగి దాని తిండిలో వాటాకు వచ్చాయి. 1992 నుంచి శుద్ధి కేంద్రాల్లో భాస్వరం తీస్తున్నా, మురుగు మీద ఆందోళన ఇంకా ఆగలేదు.

మాది ఆకివీడు. పక్కనే ఉన్న కొల్లేరు సరస్సులో కొరమేను, వాలుగ బుట్టల కొద్దీ పడిన రోజులు మా తాతయ్య చెప్పేవారు. తర్వాత సరస్సు చేపల చెరువులుగా మారింది. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2006లో ఆ చెరువుల గట్లు తెగ్గొట్టారు. అక్కడ చెరువు గట్లు, ఇక్కడ మురుగు. చేపకు దెబ్బ తగిలింది మాత్రం ఇంటి మీదే.

వల ఆపితే చేప తిరిగి రావచ్చు, నీరు చెడితే రాదు. విండర్‌మియర్ నాకు నేర్పింది ఇదే. అక్కడ నీటి లెక్కలు దశాబ్దాలుగా రాసి ఉండబట్టే జబ్బు ఎక్కడుందో తెలిసింది. మీ ఊరి చెరువుకూ ఒక నోటు పుస్తకం పెట్టండి. నీటి వేడి, రంగు, ఆ వారం పడిన చేపలు రాయండి. ఈ వారమే మొదలుపెట్టండి.