ఉప్పు గాలిలో గ్రాఫిక్స్ కార్డు

పోయిన ఆగస్టులో ఒక రోజు స్కూలు నుంచి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాలేదు. లోపల శబ్దం వస్తోంది, కీబోర్డు లైటు వెలిగింది, మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్న అన్నయ్యకు ఫోన్ చేశాను. "పక్క రేకు విప్పి గ్రాఫిక్స్ కార్డు చూడు" అన్నాడు. చూశాను. దాని చిన్న ఫ్యాన్ బిగుసుకుపోయింది. చుట్టూ స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. మేము పోర్ట్ బ్లెయిర్ వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలే. (2024 సెప్టెంబరు నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం. మా ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు.)

ఆ కంప్యూటర్ అన్నయ్య 2021లో విడి భాగాలు కొని బిగించినది. అప్పుడు క్రిప్టో నాణేల కోసం గ్రాఫిక్స్ కార్డులన్నీ ఎవరో కొనేసేవాళ్లట, ధరలు ఆకాశంలో ఉండేవట. అందుకని 2 జీబీల జీటీ 1030 అనే బుజ్జి కార్డుతో సరిపెట్టాడు. ప్రాసెసర్ ఐ5-10400ఎఫ్. చివర ఆ ఎఫ్ ఉందంటే సొంతంగా తెరకు బొమ్మ పంపలేదని అర్థం. కార్డు పోతే కంప్యూటర్ గుడ్డిదే. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

మీలో చాలామందికి ఒక పాత ఊరు, ఆ ఊళ్లో ఒక స్నేహం ఉండే ఉంటాయి. నాకు విశాఖలో ఉంది. తనూ నేనూ శనివారం రాత్రుళ్లు మైన్‌క్రాఫ్ట్‌లో మా పాత క్వార్టర్స్ కాలనీని కడుతున్నాం: గేటు, నీళ్ల ట్యాంకు, బాదం చెట్టు, మా మెట్ల కింద ఎప్పుడూ ఉండే విరిగిన సైకిల్‌తో సహా. నా పాత కార్డు 6 చంకుల దూరమే చూపించేది, అంటే 96 దిమ్మెలు. ఆ తర్వాత అంతా మంచు. ట్యాంకు ఎక్కితే గేటు కనిపించేది కాదు. తనకు కనిపించేది.

"పెద్ద కార్డు కొంటే ఆట ఆగి ఆగి రావడం కూడా పోతుంది కదా?" అని అడిగాను. అన్నయ్య నవ్వాడు. బొమ్మ ముక్కలుగా కదిలితే అది కార్డు తప్పు. నేను పెట్టిన దిమ్మె తనకు ఆలస్యంగా కనిపిస్తే అది సముద్రం తప్పు. చెన్నై నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి మిగతా దీవులకు సముద్రం అడుగున మొత్తం సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ఉంది, 2020 ఆగస్టు 10న మొదలైంది. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. లెక్క వేస్తే చెన్నై పోయి రావడానికే కొన్ని మిల్లీసెకన్లు. ఏ కార్డూ దాన్ని తగ్గించలేదు. ఫిజిక్స్ పాఠం ఇలా చెబితే నాకు ఎక్కువ మార్కులు వచ్చేవేమో.

నా దగ్గర అమ్మమ్మ, తాతయ్య ఇచ్చిన డబ్బులు, నాన్న కలిపినవి అన్నీ చేరిస్తే రూ.18,000. మొదట నాకు ఆర్‌ఎక్స్ 6600 మీద మనసు పడింది. 8 జీబీలు, మంచి వేగం. కానీ అది 132 వాట్లు తింటుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లే. మిగతాది ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి 8 పిన్నుల వైరుతో రావాలి. మా డబ్బాలో చేయి పెట్టి ప్రతి వైరూ లాగి చూశాను. ఆ వైరే లేదు. అంటే ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా కొత్తది కొనాలి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవక, కానీ అది నాలుగు లేన్లతోనే మాట్లాడుతుంది. మా పాత తరం స్లాటులో సగం వేగమే కాబట్టి బాగా దెబ్బతింటుంది, పైగా దానికీ వైరు కావాలి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీల రకం 70 వాట్లతోనే నడుస్తుంది, వైరు అక్కర్లేదు. 6600 కంటే నెమ్మది. నాకు ఆ "నెమ్మది" అనే మాట రెండు వారాలు మింగుడు పడలేదు.

నా మనసు మార్చింది మా క్లాస్‌మేట్ వాళ్ల నాన్న. వాళ్లది శ్రీకాకుళం వైపు, జంగ్లీఘాట్‌లో పడవ ఉంది. పడవలోని జీపీఎస్ పెట్టె ఆయనే విప్పి బాగుచేసుకుంటారు. నా తుప్పు కార్డు చేతిలో తిప్పి చూసి, "కిటికీ పక్కనెట్టావేటి పాపా?" అన్నారు. పెట్టాను మరి, సముద్రం కనిపిస్తుందని. "ఉప్పుగాలి అన్నిట్నీ తినేస్తాది. వాడకుండా మూల పడేస్తే ఇంకా బేగి తినేస్తాది. రోజూ కాసేపు నడిపితే ఆ వేడికి చెమ్మ పట్టదు." తర్వాత ఆయన అడిగిన ప్రశ్న వేరు: "కరెంటు పోతే ఎంతసేపు ఆగుతాది?"

మా యూపీఎస్ 600 వీఏ, అంటే దాదాపు 360 వాట్లు, బ్యాటరీ ముసలిది. వాన రోజుల్లో, అంటే ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. నేను కార్డు గురించే చూశాను, దానికి అన్నం పెట్టేదాని గురించి ఆలోచించలేదు. రెండూ కొనడానికి డబ్బు చాలదు, అది తెలిసిందే. 3050 ధర అప్పుడు రూ.16,500 చిల్లర. మిగిలిన దాంట్లో యూపీఎస్ బ్యాటరీ వచ్చేసింది.

ఆన్‌లైన్‌లో చాలామంది అమ్మకందారులు మన పిన్‌కోడ్ కొట్టగానే "డెలివరీ లేదు" అంటారు, మీకు తెలుసు. అందుకని అన్నయ్య విశాఖలో కొని దసరా సెలవులకు విమానంలో చేతి సంచిలో పెట్టుకుని తెచ్చాడు. బిల్లు నాన్న ఫైలులో పెట్టారు. "వారంటీకి మళ్లీ చెన్నైకో వైజాగ్‌కో పంపాలి తల్లీ, జాగ్రత్త" అన్నారు. టేబులు కిటికీ నుంచి లోపలి గోడకు జరిపాం. ఇప్పుడు సముద్రం కనిపించదు.

ఆ శనివారం దూరం 24 చంకులకు పెట్టి ట్యాంకు ఎక్కాను. గేటు కనిపించింది. బాదం చెట్టు కనిపించింది, దాని కింద తను నిలబడి గెంతుతోంది. నేను చెయ్యి ఊపింది తనకు కాసేపాగి చేరింది.

పోయిన వారం నాన్నకు ఆర్డర్ వచ్చింది, భోపాల్. సామాను ఓడలో వెళ్తుంది. కార్డు మాత్రం విప్పి విడిగా తీసుకెళ్లమని అన్నయ్య చెప్పాడు, కుదుపులకు స్లాటు విరుగుతుందట. దాన్ని నా స్కూలు బ్యాగులో పెట్టుకుంటాను. తన వాళ్ల నాన్నగారికి కూడా ఈ ఏడాదే బదిలీ ఉండొచ్చట. కాలనీలో ఇంకా రెండు బ్లాకులు కట్టాలి, తన వైపువి.