కొట్టివేసిన పేరు

గత నెలలో విద్యార్థులతో హార్స్లీ హిల్స్‌కు విహారయాత్ర వెళ్లాను. గాలిబండ చెంత భోజనాలు ముగిశాక ఒక ఆలోచన పుట్టింది: శనివారం పెందలకడనే మదనపల్లెలో బస్సెక్కి, దాదాపు 120 కిలోమీటర్ల దూరాన ఉన్న బెంగళూరు చేరి, కంఠీరవ క్రీడాంగణంలో ఫుట్‌బాల్ పోటీ చూసి, రాత్రి అక్కడే బస చేసి ఆదివారం తిరిగి రావాలని.

అక్కడికక్కడే ఖర్చుల పద్దు సిద్ధమయింది. ఎనిమిది పేర్లు వ్రాశారు. ఎనిమిదవవాడు తన పేరు తానే కొట్టివేశాడు. మా మైదానంలో వాడిని మించిన ఆటగాడు లేడు. తండ్రి టమోటా మార్కెట్టులో హమాలీ.

"మీరు చూసి రండి సార్, నేను విని సంతోషిస్తాను" అన్నాడు. నా జేబులోని సొమ్ము వాడు ముట్టలేదు.

మరునాడు తరగతిలో సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ చెప్పాను. హైదరాబాదులో బడిపంతులు ఆయన. రానుపోను ఖర్చులకు లేని సికింద్రాబాదు కుర్రవాడు బలరాంకు సైకిలు సమకూర్చారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు శిక్షకుడు ఆయనే. ఆ జట్టులో బలరాం ఆటగాడు. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీం గారు మరుసటి యేడే కన్నుమూశారు.

కథ ముగియగానే వెనుక బల్ల నుండి ఒకడు లేచాడు: "సార్, బస మానుకుందాం. ఆట కాగానే రాత్రి బస్సుకే వచ్చేద్దాం. మిగిలిన సొమ్ముతో ఎనిమిది మందిమీ వెళ్లవచ్చు."

అది దానం కాదు, జట్టు లెక్క. వాడు కాదనలేకపోయాడు.

కమిటీ పెద్దల అనుమతి ఇంకా రావలసి ఉన్నది. కొట్టివేసిన పేరు క్రిందనే అదే పేరు మళ్లీ వాడి చేతివ్రాతలో ఉన్న ఆ కాగితాన్ని దరఖాస్తుకు జతపరిచాను.