పాత తుపాకి, కొత్త గొట్టం

పాత ఇల్లు బాగుచేయించినవాడికీ, దాన్ని పడగొట్టి కొత్తది కట్టినవాడికీ మధ్య ఎడతెగని వాదమొకటి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. "పునాది తాతలనాటిది, చెక్కుచెదరలేదు" అంటాడు మొదటివాడు. "నువ్వు పెట్టిన ఖర్చుతో కొత్తదే లేచేది కదా" అంటాడు రెండోవాడు. ఇద్దరి మాటా నిజమే కావటంవల్ల ఆ వాదం ఏనాటికీ తేలదు. అమెరికాలో దూరపు గురి సాధన చేసేవాళ్ళు రైఫిలు విషయంలో సరిగ్గా ఇదే వాదం పెట్టుకుంటారు. కర్మాగారంలో తయారైన మామూలు రైఫిలు కొని అంచెలంచెలుగా మెరుగుపరచుకోవడమా, లేక ఒక్కొక్క భాగాన్నీ ఎంచుకొని, పనివాడిచేత మొదటినుంచీ కట్టించుకోవడమా?

సాహిత్యం ముచ్చటించుకునే చోట తుపాకి సంగతేమిటని మిత్రులు నొసలు చిట్లించవచ్చు. వేట నాకు పడదు. వెయ్యి గజాల దూరంలో కాగితం మీద గీసిన వలయాలే నా లక్ష్యం. అది గాలిని చదివే విద్య, శ్వాసను అదుపులో ఉంచుకునే విద్య. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇక్కడికి హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చే మనవాళ్ళు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగివుండటాన్ని ఈ దేశపు సమాఖ్య చట్టం నిషేధించింది. నేను కూడా గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఈ వ్యాసంగం జోలికి వెళ్ళాను.

ముందు కాస్త లెక్క. వృత్తంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కొక్కటీ ఒక నిమిషం. ఆ నిమిషపు కోణం నూరు గజాల దూరంలో అంగుళం పైచిలుకు, వెయ్యి గజాల దూరంలో పదిన్నర అంగుళాలు. మంచి కర్మాగారపు రైఫిలు, సరైన తూటాలతో, దాదాపు ఒక నిమిషపు వలయంలో గుళ్ళను కూర్చగలదు. కట్టించిన రైఫిలు అరనిమిషంలో కూర్చగలదు. ఎఫ్-క్లాస్ పోటీల్లో వెయ్యి గజాల లక్ష్యం మీద పది మార్కుల వలయం వ్యాసం పది అంగుళాలే. అంటే మామూలు రైఫిలు ఏ తప్పూ చేయకపోయినా ఆ వలయాన్ని అంచులదాకా నింపేస్తుంది. కట్టించినది చుట్టూ కొంత జాగా మిగులుస్తుంది. ఇక్కడిదాకా చదివితే కట్టించుకోవడమే మేలనిపిస్తుంది.

అయితే ఆ జాగాను మింగేసేది గాలి. నా రైఫిలు .308 విన్‌చెస్టర్ తూటాది. గంటకు పది మైళ్ళ వేగంతో అడ్డంగా వీచే గాలి 175 గ్రెయిన్ల గుండును వెయ్యి గజాలు దాటేసరికి ఏడెనిమిది అడుగుల పక్కకు నెట్టేస్తుంది. అంటే ఒక్క మైలు వేగం తేడాకు సుమారు తొమ్మిది అంగుళాలు. గడ్డి వంగిన తీరు, జెండా ఎగిరిన తీరు, ఎండమావి పారిన తీరు చూసి గాలిని ఒక మైలు అటూఇటూగా అంచనా వేయగలవాడు చేయి తిరిగిన మనిషి. ఆ మనిషికి కూడా గుండు వలయం దాటిపోగలదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ తూటా ఇంత ఆదరణ పొందడానికి ముఖ్యకారణమిదే. సన్నగా, పొడుగ్గా ఉండే దాని గుండును అదే గాలి ఆరడుగుల లోపే నెడుతుంది. గమనించండి, ఈ లాభం కట్టించిన రైఫిలుది కాదు, తూటాది. కర్మాగారం చేసిన మామూలు రైఫిలు ఆ కొలతలో దొరికినా అదే లాభం.

ఇక డబ్బు లెక్క. నేను కాగితం మీద వేసుకున్నది ఇది. దుర్భిణి ఎలాగూ రెండింటికీ ఒకటే కనుక దాన్ని వదిలేశాను. కట్టించుకుంటే, యాక్షన్ అనే ఉక్కు గది, అందులో కదిలే బోల్టుతో సహా, 1300 డాలర్లు. గొట్టమూ, దాన్ని అమర్చే కూలీ 900. చెక్క లేక నారతో చేసిన స్టాక్ 600. ట్రిగ్గర్ 200. వెరసి 3000. కర్మాగారపు రైఫిలును 800కు కొని, గొట్టం, స్టాక్, ట్రిగ్గర్ అన్నీ మార్చి, యాక్షన్‌ను లేతు మీద సరిచేయించడానికి మరో 300 ఇస్తే, మొత్తం 2800. ఇంత అవస్థకూ ఆదా 200 డాలర్లు. కర్మాగారపు రైఫిలులో చివరికి మనం ఉంచుకున్నది యాక్షన్ ఒక్కటే. మిగిలినదంతా కొనీ పారేశాం. కాబట్టి మెరుగుపరచుకునే మార్గం చవక అన్న మాట సగంలో ఆగగలిగినవాడికే చెల్లుతుంది. ఆగలేనివాడు మొదటే కట్టించుకోవడం మేలు.

ఈ సగంలో ఆగటమనేది పెద్ద పెద్ద సంస్థలకే చేతకాలేదు. అమెరికా మెరైన్ దళం 1966లో రెమింగ్టన్ 700 అనే రైఫిలును ఎమ్40 పేరుతో స్వీకరించింది. 1962లో వేటగాళ్ళ కోసం బజారులోకి వచ్చిన రకమది. వియత్నాం తేమకు దాని చెక్క స్టాక్ ఉబ్బి గొట్టానికి ఒరుసుకునేది. ఒరుసుకుంటే గురి చెదురుతుంది. అందుకని 1970లలో నారగాజు స్టాక్ వేసి, గొట్టం మార్చి ఎమ్40ఎ1 అన్నారు. క్వాంటికోలో దళపు పనివాళ్ళే చేతితో కట్టేవారు. ఆ తర్వాత ఎ3, ఎ5, ఎ6. గొట్టం మారింది, స్టాక్ మారింది, దుర్భిణి మారింది. యాభై ఏళ్ళపాటు మారనిది 700 యాక్షన్ ఒక్కటే. సైన్యం 1988లో తీసుకున్న ఎమ్24 మరికొంత ముందుచూపు చూపింది. వాడుతున్నది పొట్టి తూటాయే అయినా పొడవైన యాక్షన్ ఎంచుకున్నది. 2010 తరువాత అదే యాక్షన్ మీద .300 విన్‌చెస్టర్ మాగ్నం గొట్టం ఎక్కించి ఎమ్2010గా మార్చుకోగలిగింది అందువల్లనే. చివరికి మెరైన్లు 2018లోనూ, సైన్యం 2021లోనూ వేరే రైఫిళ్ళ దారి పట్టారు. సైన్యం ఎంచుకున్న ఎమ్‌కె22లో గొట్టాన్ని సైనికుడే మార్చుకోవచ్చు. మెరుగుపరచడమన్నది ముందే లోపల పెట్టి కట్టిన రైఫిలది.

ఇందులో ఇంకో విచిత్రముంది. ఈనాడు చేతిపనివాళ్ళు అమ్మే ఖరీదైన యాక్షన్లలో చాలాభాగం ఆ 700 కొలతలనే అనుసరిస్తాయి. ఎందుకంటే బజారులోని స్టాక్‌లూ ట్రిగ్గర్లూ ఎక్కువగా ఆ కొలతకే ఉన్నాయి. కొత్త ఇల్లు కట్టించుకున్నామనుకుంటాం గాని, నేలమీద గీసిన ముగ్గు మాత్రం పాతదే.

అన్నీ మారిపోయాక అది పాత తుపాకేనా అన్న ప్రశ్న తత్త్వవేత్తలకు వదిలేయనక్కర లేదు. ఈ దేశంలో చట్టమే జవాబు చెప్పింది. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం దృష్టిలో రైఫిలంటే రిసీవర్, అంటే క్రమసంఖ్య చెక్కివున్న ఆ ఉక్కు గది. గొట్టం, స్టాక్, ట్రిగ్గర్ వట్టి సామాన్లు. మా ఊళ్ళో ఎడ్లబండికి ఆకులు మార్చేవారు, పూటీలు మార్చేవారు, ఇరుసు కూడా మార్చేవారు. అయినా అది ఫలానావారి బండే. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. ఇక్కడ మాత్రం ఎందుకో కాగితం మీద రాసి ఉంది.

ఈ విచారమంతా నాకు ఊసుపోక వచ్చింది కాదు. నా రైఫిలు 1970లలో తయారైన రెమింగ్టన్ 700. మైదానంలో పక్క బల్ల మీద కాల్చే ఒక పెద్దాయన నాకిచ్చారు. ఉద్యోగమంతా లేతు మీద గడిపిన మనిషి. గాలిని ఎలా చదవాలో నాకు నేర్పిందీ ఆయనే. కీళ్ళ నొప్పులతో బోల్టు మూయలేని స్థితి వచ్చి, వృద్ధులుండే వసతికి మారేముందు, లైసెన్సున్న దుకాణానికి ఇద్దరం వెళ్ళి, నేను 4473 ఫారం నింపి, పేరుకు కొంత డబ్బిచ్చి తెచ్చుకున్నాను. "గోడకు తగిలించకు, కాలుస్తూ ఉండు" అన్నారు. మరుసటి ఏడాది ఆయన పోయారు.

నేను ఆ మాట పాటించాను. పాటించిన ఫలితంగానే గొట్టం అరిగిపోయింది. గుండు గొట్టంలో ప్రవేశించే చోట మంటకూ ఒత్తిడికీ ఉక్కు తినుకుపోతుంది. .308లో సుమారు ఐదువేల తూటాలదాకా ఆగుతుందంటారు. ఆయన కాల్చినవీ నేను కాల్చినవీ కలిపితే అంతకు తక్కువుండవు. సన్నని కెమెరా దూర్చి చూపించాడు పనివాడు. లోపల ఎండిన చెరువు అడుగులా బీటలు. ఆరువందల గజాలు దాటితే గుళ్ళు చెల్లాచెదురవుతున్నాయి. ఇప్పుడేం చేయాలి? కొత్త రైఫిలు కట్టించుకుంటే ఆయనది పెట్టెలో పడుకుంటుంది. అది గోడకు తగిలించడం కంటే వేరు కాదు. ఆయనదాన్నే మారిస్తే, ఏది మార్చినా ఆయన ముట్టుకున్నదేదో పోతుంది.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం సంశయం లేదు. ఆ కాలపు 700 ట్రిగ్గర్ల మీద ఏళ్ళ తరబడి దావాలు నడిచాయి, వేలు తగలకుండానే పేలుతున్నాయని. లోపం లేదని కంపెనీ వాదించినా, ట్రిగ్గర్ మార్చి ఇచ్చే సామూహిక రాజీ 2018లో అమలులోకి వచ్చింది. నా రైఫిలు ఏనాడూ అలా పేలలేదు. కానీ మా అమ్మాయి నా పక్కన కూర్చుని గురి నేర్చుకుంటోంది. అటువంటి చోట జ్ఞాపకాలకు తావు లేదు. ముందుగా మార్చింది అదే.

తక్కినదానికి దారి చూపింది పనివాడే. యాక్షన్ విప్పి, బోల్టు ముఖం మీద కొలతగడియారం తిప్పి, "దీన్ని ఎవరో ఎప్పుడో సరిచేశారు, నేను చేయాల్సిందేమీ లేదు" అన్నాడు. ఆ మాట విన్నాక నా లెక్క మొత్తం తిరగబడింది. గొట్టం ఇలియన్ పట్టణపు కర్మాగారం చేసింది. ఆయన చేతిపని ఉన్నది యాక్షన్‌లో. నేను పోతుందని బెంగపడుతున్న గొట్టంలో ఆయనది అరుగుదల మాత్రమే. ఉంచుకోవలసిన పనితనం, ఎలాగూ చట్టం కూడా తుపాకి అని పిలిచే ఆ భాగంలోనే ఉంది. నేను కర్మాగారపు రైఫిలు అనుకుంటున్నది అప్పటికే సగం కట్టించినదన్నమాట.

అందుచేత గొట్టం మార్చాను. వాల్‌నట్ చెక్క స్టాక్‌ను మార్చలేదు. లోపల లోహపు స్తంభాలు దింపి, యాక్షన్ కూర్చునే చోట గట్టిపడే జిగురు పోయించి, గొట్టానికీ చెక్కకూ మధ్య కాగితం జారేటంత సందు ఉంచమన్నాను. ఎమ్40 చెక్కతో పడిన పాట్లు తెలిసే చేశాను. నేను వానలో కాల్చను, వియత్నాం వెళ్ళను. అన్నీ కలిపి 1300 డాలర్లైంది. కట్టించుకోకుండా మిగిలిన 1700కు సుమారు వెయ్యి మేలైన తూటాలొస్తాయి. గాలి చదవటం నేర్పేది అవే. ఆ ఇలియన్ కర్మాగారం 2024లో మూతపడింది. ఇక ఆ ఊళ్ళో అటువంటిది తయారుకాదు.

ఎవరైనా నన్ను సలహా అడిగితే ఇదే చెప్పను. ఏ జ్ఞాపకమూ అంటని రైఫిలైతే, గురి బాగా కుదిరినవాడైతే, కట్టించుకోవడమే న్యాయం. కొత్త యాక్షన్లు ఎంత కచ్చితంగా ఉంటాయంటే, గొట్టాన్ని టపాలో తెప్పించుకొని తామే బిగించుకుంటున్నారు. కొత్తగా నేర్చేవాడైతే మామూలు రైఫిలు కొని, గొట్టం అరిగేదాకా ఏదీ ముట్టుకోకుండా కాల్చడం మంచిది. గొట్టం అరిగేసరికి తనకేం కావాలో అతనికి తెలిసివుంటుంది.

మా అమ్మ ఫోనులో ఎప్పుడూ ఒకటే అంటుంది, "తుపాకితో నీకేం పనిరా నాయనా?" అని. ఈసారి గొట్టం మార్పించానని చెబితే, "అయితే పాత గొట్టం ఏం చేశావు?" అని అడిగింది. ఉంచానన్నాను. "దాన్నెందుకు, గులాబీ అంటుకు ఊతంగా పాతిపెట్టు" అన్నది. పాతిపెట్టాం. ఈ వేసవికి తీగ దాని కొస దాటింది.