మా ఊరి ఒగ్గాని

ఉగాది విందుకి ఎవరేం తేవాలని మన సంఘంలో ఫోన్లు మొదలైతే, నన్ను మాత్రం ఎవరూ అడగరు. "మీది పులిహోరే కదండీ" అని రాసేసుకుంటారు. పాతికేళ్ళుగా ఇదే వరస. కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను పులిహోర ఆంటీ అనే పిలుస్తారట. సంతోషమే. కానీ ఒక సంగతి ఇవాళ అందరి ముందూ ఒప్పేసుకుంటున్నాను. పులిహోర మా పుట్టింటి వంట కాదు. పెళ్ళయ్యాక విజయవాడలో అత్తగారి దగ్గర నేర్చుకున్నది. నేను పుట్టి పెరిగింది బళ్ళారి, కౌల్ బజారులో. అక్కడ మా అమ్మ చేసేది చిత్రాన్నం. అంతకంటే ఎక్కువసార్లు చేసేది ఒగ్గాని.

ఒగ్గాని ఎరగనివారికి రెండు ముక్కలు చెప్పాలి. బొరుగులు, అంటే మీ మరమరాలు, నీళ్ళలో ముంచి తీసి పిండుతాం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో పోపు వేసి, అందులో వీటిని కలిపి, పుట్నాలపప్పు పొడి చల్లి, నిమ్మకాయ పిండి దించుతాం. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. లేకపోతే దాన్ని ఒగ్గాని అనడానికి మా ఊళ్ళో ఎవరికీ మనసొప్పదు. అనంతపురం వైపు ఉగ్గాని అంటారు. కన్నడంవాళ్ళు మండక్కి ఒగ్గరణె అంటారు. ఒగ్గరణె అంటే వాళ్ళ భాషలో పోపు.

1987లో కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే ఉత్సాహం కొద్దీ అత్తగారింట్లో ఒగ్గాని చేశాను. "మా కోడలు మరమరాలు నీళ్ళలో నానేసి కూర వండిందమ్మా!" అని ఆవిడ పక్కింటావిడకి చెప్పి నవ్వారు. చెడ్డ మనిషి కాదు, నన్ను కూతురిలా చూసుకున్నారు. కానీ అప్పటికే నా తెలుగు మీద నవ్వులు ఉన్నాయి. పప్పుని బ్యాళ్ళు అనేదాన్ని, కూరని పల్యం అనేదాన్ని. బళ్ళో ముందు దిద్దింది కన్నడం అక్షరాలు కావడంతో నా తలకట్లు కూడా వంకరగా ఉండేవి. ఆ రోజు నవ్వు దీనికి తోడైంది. ఇక మా ఊరి వంట ఈ ఇంట్లో చెయ్యనని అనుకున్నాను. 1989లో షికాగో వచ్చాక అడిగేవాళ్ళు లేకపోయినా చెయ్యలేదు. జొన్నరొట్టె లేదు, గురెళ్ళ పొడి లేదు. మా పిల్లలిద్దరూ గుత్తివంకాయ, పప్పుచారు, పులిహోరే వాళ్ళ అమ్మ పుట్టింటి వంట అనుకుని పెరిగారు.

ఇక రెండో సంగతి. ఇది చెప్పడం మొదటిదానికంటే కష్టం. మా పెద్దమ్మాయి 2021లో లెక్కల కంపెనీ ఉద్యోగం మానేసి, షికాగోలో ఒక రెస్టారెంటు వంటింట్లో చేరింది. గుడిలో కనబడినవాళ్ళు "అమ్మాయి ఎక్కడ చేస్తోంది?" అని అడిగితే "అక్కడే" అనేదాన్ని. అక్కడే అంటే ఎక్కడో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్ళు అలాగే గడిపాను. అమ్మాయికి ఇది తెలుసు. ఆదివారాలు ఇంటికి రావడం తగ్గించింది. వచ్చినా వంటింట్లోకి వచ్చేది కాదు.

2023 శీతాకాలం మొదట్లో అనుకోకుండా ఒక రాత్రి ఇంట్లో ఉండిపోయింది. "ఒక ఎపిసోడ్ చూద్దాం, నాతో కూర్చుంటావా?" అంది. 'ది బేర్' అనే సీరియల్. అన్నయ్య పోయాక అతని శాండ్‌విచ్ కొట్టు తమ్ముడి చేతికొస్తుంది. దాన్ని పెద్ద రెస్టారెంటుగా మార్చాలని తంటాలు పడతాడు. అతని దగ్గర సిడ్నీ అనే అమ్మాయి పనిచేస్తుంటుంది. ఈ ఎపిసోడ్ రెండో సీజన్‌లో మూడోది, పేరు 'సండే'. సెలవురోజు కథ కాబోలు అనుకున్నాను. కాదట, ఐస్‌క్రీమ్ సండే.

కొత్త మెనూకి వంటకాలు కుదరక, ఊళ్ళో నాలుగుచోట్ల తిని నాలుక తెప్పరిల్లజేసుకుందాం అనుకుంటారు ఇద్దరూ. తీరా అతను రాడు. ఆ పిల్ల ఒక్కతే షికాగో అంతా తిరుగుతుంది. ఒకచోట పిజ్జా, ఒకచోట నూడుల్స్, చివరికి ఐస్‌క్రీమ్. తింటూ పుస్తకంలో ఏదో గీసుకుంటుంది. మేడల ఆకారాలు చూసినా ఆమెకి పళ్ళెంలో వడ్డన కనిపిస్తుంది. మధ్యలో హోటళ్ళవాళ్ళు తమ కష్టాలు చెబుతుంటారు. ఆ పిల్ల తండ్రికి కూడా కూతురి పని మీద నమ్మకం అంతంత మాత్రమే. ఆయన కనిపించినప్పుడల్లా నేను కుర్చీలో కొంచెం సర్దుకున్నాను.

ఆమె ముందుగా వెళ్ళేది కసామా. అది నిజంగా ఉన్న చోటే. భార్యాభర్తలు నడుపుతారు, ఫిలిప్పీన్స్ వంట. అది ఇంట్లో అమ్మ చేసే తిండే తప్ప పెద్ద హోటళ్ళలో పెట్టేది కాదని చాలాకాలం అనుకునేవారట. 2022లో దానికి మిషెలిన్ నక్షత్రం వచ్చింది. ఆ వంటకి ప్రపంచంలో అదే మొదటిది. ఇదంతా మా అమ్మాయి టీవీ ఆపి మరీ చెప్పింది.

అప్పుడు అసలు విషయం బయటపెట్టింది. వాళ్ళ పెద్ద వంటమాస్టరు ఒక్కొక్కరినీ తమ ఇంటి వంట ఒకటి చేసి చూపమన్నాడట. నచ్చితే మెనూలో చోటు, పనిలో పై మెట్టు. మా అమ్మాయి గుత్తివంకాయ చేసింది. "బాగుంది. కానీ ఇది నేను మూడుచోట్ల తిన్నాను" అన్నాడట.

"అమ్మా, నీ ఊళ్ళో ఏం తింటారు?" అంది.

"ఏముంటాయే అక్కడ? బొరుగులు, రొట్టెలు" అన్నాను. అంటుంటేనే అత్తగారి నవ్వు నా గొంతులో వినబడింది.

మర్నాడే ఇండియన్ స్టోరు నుంచి మరమరాల పొట్లం తెచ్చాను. నీళ్ళలో వేసి పోపు సంగతి చూసి వచ్చేసరికి గిన్నెలో గంజి మిగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి పిండిన ముద్ద సబ్బుబిళ్ళలా అయింది. నా చేతులు మర్చిపోయాయో, బొరుగులే వేరో తేలలేదు. "అయితే మీ ఊరే వెళ్దాం" అంది.

2024 జనవరిలో ఇద్దరమే వెళ్ళాం. బెంగుళూరులో రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ బండి సంగతి తమాషాగా ఉంటుంది. కర్ణాటకలో ఎక్కి, నిద్రలో అనంతపురం, గుంతకల్లు దాటి, తెల్లారి మళ్ళీ కర్ణాటకలోనే దిగుతాం. మా అమ్మాయి ఫోనులో పటం పెట్టుకుని, మనం ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నామో చెబుతూ నన్ను నిద్రపోనివ్వలేదు.

స్టేషను బయట నాలుగడుగులు వేయగానే బండి కనిపించింది. బోర్డు కన్నడంలో ఉంది. మాకు ముందున్న కుర్రాడితో బండాయన ఉర్దూలో మాట్లాడాడు, తర్వాతి ఆవిడతో కన్నడంలో, నా మొహం చూసి తెలుగులో. మా అమ్మాయి తన అమెరికా తెలుగులో అడిగింది, "ఇది ఆంధ్రా వంటా, కర్ణాటక వంటా?" అని. ఆయన ఒక్క క్షణం దానివైపు చూసి, "తినమ్మా ముందు, సల్లగయితాది" అన్నాడు.

తిన్నది. మాట్లాడలేదు. రెండో ప్లేటు అడిగింది. తర్వాత అరగంట ఆ బండి పక్కనే నిలబడి చూసింది. బొరుగులు గంపతో నీళ్ళలో ముంచి వెంటనే పైకి లేపుతాడు. నానబెట్టడం అనేదే లేదు. గుప్పిళ్ళతో పిండి, మరుగుతున్న పోపులోకి విదిలిస్తాడు. మిగిలిన తడి పుట్నాలపొడి లాగేస్తుంది. అసలు మర్మం బొరుగులోనే ఉందని ఆయనే చెప్పాడు. మీ పొట్లాల్లోవి పలచటివమ్మా, ఇవి చూడు ఎట్ల దిట్టంగా ఉన్నాయో, అని గుప్పెడు చేతిలో పోశాడు. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి.

ఆ ఉప్పు ఎలా వస్తుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా వీధి చివర బొరుగుల భట్టీ ఉండేది. వడ్లు వేడినీళ్ళలో నానబెట్టి, వేయించి, పొట్టు తీసిన బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టిస్తారు. ఆ బియ్యం కాగిన ఇసుకలో పడగానే కళ్ళముందే పువ్వుల్లా పొంగుతాయి. జల్లెడ ఆడిస్తే ఇసుక కిందికి, బొరుగులు పైకి. ఎండాకాలం సెలవుల్లో అక్కడ నిలబడి వేడివేడివి జేబుల్లో నింపుకునేవాళ్ళం. ఇదంతా చెబుతుంటే మా అమ్మాయి ఫోను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. నా మాట అది రాసుకోవడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం పెద్దత్త ఇంటికి వెళ్ళాం. మా పెద్దమామ భార్య, ఎనభై ఏళ్ళ మనిషి. పుట్టిల్లు ఆలూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలో ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారితో కలిపి మిగతా ఏడు మైసూరుకు వెళ్ళాయి. అప్పుడు అత్తకి తొమ్మిదేళ్ళు. తర్వాత పెళ్ళి చేసి పంపితే అది వేరే రాష్ట్రం. "రొట్టె ఆడా అదే, ఈడా అదే" అంది, పీట ముందుకి జరుపుతూ. ఆలూరులో పుల్లగూర అన్న ఆకునే ఇక్కడ పుండి అంటారు. మీరందరూ గోంగూర అనేది అదే.

నేను భయపడుతున్న ప్రశ్న భోజనానికి ముందే వచ్చింది. "ఏం పని జేస్తావే తల్లీ?" అని అమ్మాయిని అడిగింది. నేను "కంపెనీలో..." అని ఎత్తుకునేలోపే అది "వంట చేస్తాను అవ్వా, హోటల్లో" అనేసింది.

అత్త చేతిలో పిండిముద్ద ఆగింది. "ఎంతమందికి?"

"రాత్రికి నూటయాభై మందికి."

"బ్యాళ్ళు ఎన్ని సేర్లు పోస్తావు?"

బ్యాళ్ళు అంటే పప్పని నేను చెప్పాల్సి వచ్చింది. తర్వాత నాతో వాళ్ళకి పని లేకపోయింది. నూటయాభై మందికి ఉప్పు ఎలా అంచనా వెయ్యాలి, కత్తి దేనితో నూరాలి, చేతులు కాలితే ఏం పుయ్యాలి, ఇవే కబుర్లు. తన పెళ్ళిలో వంటవాళ్ళు రాకపోతే ఆడవాళ్ళే మూడొందల మందికి ఎలా వండారో అత్త చెబుతుంటే మా అమ్మాయి నోరు తెరుచుకుని వింది. గుమ్మంలో కూర్చుని ఇద్దర్నీ చూస్తూ, గుడిలో రెండేళ్ళు నేను చెప్పిన "అక్కడే" గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

మామ ఒక్కసారే కలగజేసుకున్నాడు. "మన బళ్ళారి రాఘవ వకీలు గదా! కోర్టు పని ఉండంగ మొగానికి రంగేసుకునె. మరి ఇప్పుడు ఊళ్ళో కళామందిరానికి ఎవరి పేరుండాది?" అన్నాడు. రాఘవ 1946లో పోయారు. మామకి ఆ నాటకాల కథలు వాళ్ళ నాన్న చెప్పినవే. అయినా పక్కన కూర్చుని చూసినట్టే చెబుతాడు.

ఆ తర్వాత రొట్టెలు. వేడినీళ్ళతో కలిపి, అరచేత్తో తడుతూ తిప్పుతూ అత్త పెద్ద చందమామంత చేసి పెనం మీద వేసింది. పైన తడిగుడ్డతో తుడిచి, తిప్పి, నిప్పు మీద పొంగించింది. మా అమ్మాయి తట్టినవి మూడూ విరిగాయి. నావి రెండు. "పిండి నిన్న పట్టించిందే. తప్పు పిండిది గాదు" అని అత్త నవ్వింది. జొన్నపిండి పాతబడితే జిగి పోతుంది కాబట్టి, ముందు పిండిని అనుమానించాలట. ఈ నవ్వు నన్ను బాధపెట్టలేదు. విరిగిన ముక్కలే పుండిపల్యంతో, గురెళ్ళ పొడితో, పచ్చి ఉల్లిపాయతో తిన్నాం.

వచ్చేటప్పుడు ఒక పెట్టె నిండా బొరుగులు నింపాం. విమానాశ్రయంలో తూకం వేస్తే తొమ్మిది కిలోలు కూడా లేదు. అంత పెద్ద పెట్టె అంత తేలిగ్గా ఉండేసరికి కౌంటరులో అమ్మాయి అనుమానంగా తెరిపించింది. చూసి, మూత వేస్తూ, "ఒగ్గరణెకా మేడమ్?" అంది. హుబ్బళ్ళి పిల్లట.

షికాగోలో మా అమ్మాయి దాన్ని నెలరోజులు రకరకాలుగా చేసింది. చిన్న మూకుడులో ఏదో నురగతో కలిపి ఒకటి చేసింది. నాకు నచ్చలేదు, చెప్పాను. మెనూలో చోటు ఇంకా రాలేదు. కానీ ఒక శనివారం, రెస్టారెంటు తెరవకముందు పనివాళ్ళందరూ కలిసి తినే భోజనానికి వంతు తనదైతే, మామూలు ఒగ్గాని, మిరపకాయ బజ్జీ చేసింది. సాయంత్రం నాలుగున్నరకి ఖాళీ ట్రే ఫోటో పంపింది. నేను వెంటనే ఫోను చేశాను.

"ఉప్పు సరిపోయిందా?"

"కొంచెం ఎక్కువైందమ్మా. బొరుగుల్లోనే ఉంటుందని మర్చిపోయా."

వచ్చే ఉగాదికి పులిహోర ఇంకెవరి పేరన్నా రాసుకోండి. మాది ఒగ్గాని. బజ్జీలు వేడిగా వెయ్యాలి కనుక హాలు వెనక పొయ్యి ఒకటి మాకు ఉంచాలి. వేసేది మా అమ్మాయి. షికాగోలో హోటల్లో వంట చేస్తుంది.