నడుముకి నేర్పే వీడియో

"పది రోజుల్లో పొట్ట మాయం" అని పైన రాసుంటే ఆ బెల్లీ డాన్స్ వీడియోని వదిలేయండి. ఒక్క పొట్ట దగ్గరే కొవ్వు కరిగించే వ్యాయామం ఏదీ లేదు. నిజంగా నేర్పే వీడియో మొదట్లోనే తెలిసిపోతుంది. టీచర్ తల నుంచి పాదం దాకా కనపడుతుంది, మోకాళ్లు కాస్త వంచి నిలబడమంటుంది, భుజాలు కదలకుండా ఒక పక్క తుంటి మాత్రమే పైకి లేపి, నెమ్మదిగా దించి చూపిస్తుంది. పాట ఆ తర్వాతే. మన ఇళ్లలో గచ్చు నాపరాళ్లదో, టైల్సో. గెంతులేయించే వీడియో అయితే మోకాళ్లు పట్టేస్తాయి. చాప జారుతుంది, పట్టున్న మ్యాట్ వేసుకోవాలి.

"పొద్దున్నే నడిస్తే చాలదా?" అంటారు. నడవగలిగితే చాలు. కానీ ఎండాకాలం వస్తే ఎండలతో రెంటచింతల పేరు పేపర్లకెక్కే పల్నాడు జిల్లా మనది, ఇంటిపని తెమిలేసరికే ఎండ ముదురుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది ఇంట్లోనే కుదరాలి కదా!

ఇక "అది క్లబ్బు డాన్సు" అనే మాట. సినిమాల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని పాటలతో మన కళ్లకి అలా అలవాటైంది. నిజానికి ఈజిప్టులో పెళ్లిళ్లలో, ఇళ్లలో ఆడవాళ్లు సరదాగా ఆడుకునే ఆట ఇది. 1920ల్లో కైరోలో బదియా మసాబ్ని అనే ఆవిడ నడిపిన క్లబ్బు లాంటి చోట్ల స్టేజీ రూపం దిద్దుకుంది. మన ఒంటి కోసం మనం చేసేదానికి సిగ్గెందుకు? నడుంనొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్యే కాన్పయినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే మొదలెట్టండి.

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఎవరికైనా తెలుగులో నిదానంగా చెప్పే వీడియో తెలిస్తే కింద పెట్టండమ్మా.