దూరసముద్రము - మా కలశము

2023 ఆగష్టులో మా పెరటిబావి యింకిపోయినది. వరలక్ష్మీవ్రతమునకుఁ గలశజలమును సైతము పొరుగింటనుండి తెచ్చుకొంటిని. "కోడలి నోములో నేదో లోపము" అని యత్తగారు నిట్టూర్చిరి. నేనును నమ్మి కుమిలితిని.

మావారు బడిపిల్లలకుఁ జూపు గ్లోబును నా యెదుటఁ బెట్టి, పసిఫిక్ మహాసముద్రముపై వ్రేలుంచి చెప్పిరి. సాధారణముగాఁ బడమటిదరి నిండొనీషియావైపు నీరు వెచ్చన. తూర్పుదరి పెరూవైపు చల్లన. వెచ్చని నీటిపై గాలి, పొయ్యిమీఁది యావిరివలె, పైకెగసి వాన కురిపించును. చల్లనివైపున క్రిందికి దిగును. సముద్రముపై గాలి తూర్పునుండి పడమరకు వీచుచు నీ చక్రమును బూర్తిచేయును. 1904 మొదలు 1924 వఱకు మన దేశపు వాతావరణశాఖ కధిపతియైన గిల్బర్ట్ వాకరు పేరే దీనికిఁ బెట్టిరి.

కొన్ని యేండ్లలోఁ బెరూవైపు నీరు వేఁడెక్కును. అదియే ఎల్ నినో. అప్పుడు గాలి యెగయుచోటు తూర్పునకు జరుగును. మనవైపు గాలి దిగి, మేఘములు పలుచనగును. 2023 అట్టిదే. ఆ ఆగష్టున దేశమునఁ గురిసిన వాన, 1901 తరువాత నే యాగష్టునను లేనంత తక్కువ. ఐనను నిది యొక్కటే కారణము కాదు: 1997లోఁ బ్రబలమైన ఎల్ నినో వచ్చియు దేశమున వానలు తప్పలేదు.

ఇది విని యత్తగారు చాలసేపు మాటాడలేదు. మఱునాఁడు, "అమ్మాయీ, వచ్చే వానలకు చూరునీటిని బావిచెంత గోతిలో నింకింతము" అనిరి. ఆ మాటయే నాకు వ్రతఫలము.