చేయి ఆగవలసిన చోటు

నా పదహారో ఏట దమ్మపేటలో కర్రసాము నేర్చుకున్నాను. ఊరు దాటితే అడవి మొదలయ్యే రోజులవి; ఇప్పుడక్కడ చాలాచోట్ల పామాయిలు తోటలే కనిపిస్తాయి. మా గురువుగారిని అందరం ‘ఉస్తాదు’ అని పిలిచేవాళ్ళం. ఆయన ప్రతి సాయంకాలమూ ఒకే మాట చెప్పేవారు: “కొడితే నిండుగా కొట్టు. మనసును మాత్రం నిదానంగా ఉంచు.”

ఈ రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయో నాకు చాలాకాలం బోధపడలేదు. ఒకనాడు జంటగా సాధన చేస్తూ ఒక మిత్రుని తలపైకి కర్ర దించవలసి వచ్చింది. అతడు దాన్ని అడ్డుకోవాలి. దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో మధ్యలో చేయి సడలించాను. అతడు నా వేగాన్ని నమ్ముకొని కర్ర ఎత్తాడు, లెక్క ప్రకారం దించేశాడు. ఆలస్యంగా వచ్చిన నా కర్ర అతని వేళ్ళపై పడింది. ఉస్తాదు కోపగించుకోలేదు. “నువ్వు జాలిపడ్డావు, దెబ్బ వాడికి తగిలింది” అన్నారు.

తరువాత నెమ్మదిగా తెలిసివచ్చింది. కర్ర తిరుగుతున్నంతసేపూ పిడికిలి వదులుగా ఉండాలి. తగిలే క్షణంలోనే బిగియాలి. ఊపిరి బిగబట్టినవాడు ముందుగా అలసిపోతాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచి చూపిన కోడి రామమూర్తి నాయుడు గారు కూడా ప్రాణాయామ సాధకులే. 1882లో జపానులో జూడోను నెలకొల్పిన జిగొరో కానో, శక్తిని వృథా పోనీయక సద్వినియోగం చేయడమే తన విద్యకు మూలసూత్రమన్నారు. మా ఉస్తాదుకు ఆ పేరు తెలియదు, సూత్రం తెలుసు.

ఇంత నేర్చిన నేను ఉపాధ్యాయుడనయ్యాక తప్పాను. ఇంట్లో కోయభాష మాట్లాడే ఒక పిల్లవాడు మహాప్రాణాక్షరాలు పలకలేక తడబడుతున్నాడు. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి బెత్తం లేచింది. ఆ దెబ్బలో బలముంది, నిదానం లేదు. అడ్డుకోవడానికి వాడి చేతిలో కర్ర కూడా లేదు. వాడు వారం రోజులు బడికి రాలేదు. వచ్చిన తరువాత నా ప్రశ్నలకు ఎన్నడూ చేయి ఎత్తలేదు. నాటినుండి బెత్తం పట్టలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. అది చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ చిన్న అరచేయి.

ఇప్పుడు మా మనుమడికి పెరట్లో కర్ర తిప్పడం నేర్పుతున్నాను. మొన్న అడిగాడు: “తాతయ్యా, గట్టిగా కొట్టాలా, మెల్లగా కొట్టాలా?”

“గట్టిగానే కొట్టరా. కానీ ముందు ఎదుటివాడి కళ్ళలోకి చూడు” అన్నాను.

వాడు చూశాడు. ఎదురుగా ఉన్నది నేనే. కర్ర ఎత్తి అడ్డుపెట్టాను. దెబ్బ నిండుగానే పడింది, ఎవరికీ తగలలేదు.